పంపు జోలికి ఇప్పుడే పోకు

హన్మకొండ

అల్లుడా,

మీ అమ్మ ఫోన్ చేసింది. పాకాల ఆయకట్టు కింద అందరూ దమ్ము చేసుకుంటుంటే నీ ట్రాక్టర్ మడి నడుమ ఆగి సతాయిస్తున్నదట. డీజిల్ పంపు ఖరాబైందని ఎవరో అన్నరట, నువ్వు దాన్ని విప్పి వరంగల్ పట్టుకపోదామని చూస్తున్నవట. ఆగు బిడ్డా. పంపు దుకాణం ఎక్కడికీ పోదు.

ఆమె చెప్పిన దాంట్లో నాకు పనికొచ్చిన ముక్క ఒకటున్నది. బండి కొంతసేపు మంచిగ నడిచి, ఆవాజ్ తగ్గుకుంట తగ్గుకుంట ఆగుతున్నది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టయి మామూలుగ దున్నుతున్నది. అరిగిపోయిన పంపు అట్ల చెయ్యదు. ఇంజన్ వేడెక్కినంక స్టార్ట్ కావడానికే మొండికేస్తది, లోడ్ గుంజదు. నీది డీజిల్ అందక ఆగుతున్నట్టున్నది. ఈసారి ఆగేటప్పుడు సైలెన్సర్ దిక్కు చూడు. పొగ సన్నబడితే నా అనుమానం నిజమే. నల్లపొగ కమ్మితే గాలి అందుతలేదు, లేకుంటే కేజ్‌వీల్స్ లోతు బురదలో దిగి బరువు ఎక్కువైంది. అప్పుడు ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ మార్చు, ఒక గేర్ తగ్గించు. ఒక్కసారే పట్టేసినట్టు ఆగి, సెల్ఫ్ కొట్టినా తిరగకపోతే మాత్రం నువ్వు చెయ్యి పెట్టకు, మెకానిక్‌ను పిలు.

పొగ సన్నబడితే ముందు ట్యాంక్ మూత చూడు. వానకు తడుస్తదని డీజిల్ ట్యాంక్ మూతకు కవర్ చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసే అలవాటు మన దిక్కు చానామందికి ఉన్నది. మూతకు సన్న బెజ్జం ఉంటది. డీజిల్ తగ్గినకొద్దీ ఆ జాగలోకి గాలి పోవాలె. బెజ్జం మూసుకపోతే డీజిల్ దిగదు. ఇంజన్ ఆగినంక మెల్లగ గాలి చేరుతది, బండి మళ్లీ లేస్తది. మూత వదులు చేసి ఒక మడి దున్ని చూడు. పైసా ఖర్చు లేదు.

దాంతో కాకపోతే ట్యాంక్ అడుగున పైపు విప్పి, డీజిల్ ధార చూడు. లావుగ పడి సన్నబడిందంటే లోపల గుడ్డపేలికో ఆకో తేలుతున్నట్టు. ఇంజన్ గుంజినప్పుడు అది వచ్చి దారికి అడ్డం పడుతది, ఆగినంక పక్కకు పోతది. ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి కడగాలె. ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి నీళ్లు పోనియ్యి. నీళ్లు డీజిల్ కంటే బరువు, అడుగుకే చేరుతయి.

చానామంది మెకానిక్‌లు కూడ పట్టించుకోనిది ఒకటున్నది. ట్యాంక్ నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను గుంజుడే తప్ప నెట్టుడు ఉండదు. అక్కడ పైపు పగిలినా, రాగి వాషర్ అరిగినా బయటికి చుక్క కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతది. పైపంతా పొడిగ ఉన్నదని నమ్మకు. వాషర్లు కొత్తవి వేసి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టు. తర్వాత డీజిల్ పంపు మీది స్క్రూ దగ్గర కూడ అట్లనే ఎయిర్ తియ్యి. ఒక్క పని చేసినంక బండి నడిపి చూసి, అప్పుడే రెండోది ముట్టు. అన్నీ ఒకేసారి మారిస్తే దేనితో బాగైందో తెల్వదు.

ఇంజెక్టర్ పైపులు మాత్రం వదులు చెయ్యకు. వాటిల్ల ఉండే ఒత్తిడికి సన్నటి డీజిల్ ధార చర్మంలోకి దూసుకపోతది. పైకి సూది గుచ్చినంతే కనపడ్డా వెంటనే పెద్ద దవాఖానకు పోవాలె.

పాత హెచ్‌ఎంటీకి సామాన్లు దొరకయని భయపడుతున్నవట. పింజోర్‌లో 1971లో జెటర్ కంపెనీ వాళ్ల సాయంతో మొదలైన ట్రాక్టర్ల తయారీని మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయించిన మాట నిజమే. అయితే నీకిప్పుడు కావాల్సింది వాషర్లు, రబ్బర్ పైపు, ఫిల్టర్లు. మిర్చి అమ్మనీకి ఎనుమాముల మార్కెట్‌కు పోయేవాళ్లెవరికైనా పాత ఫిల్టర్ నమూనా ఇచ్చి తెప్పించుకో.

రాత్రి బండి పెట్టేముందు ట్యాంక్ నింపు. సగం ఖాళీగ ఉంటే చల్లదనానికి లోపల చెమ్మ పట్టి నీళ్లయితది. డ్రమ్ములోంచి పోసేటప్పుడు జాలీ గరాటు పెట్టు.

ఇవన్నీ చేసినా ఆగుతనే ఉంటే అప్పుడు పంపు విప్పుదాం. నాట్లయినంక ట్రాలీ లేకుండ బండి తోలుకొని రా, నేను కూడ దుకాణానికి వస్త. 

మీ మామ