పాత నగ విలువ కట్టడం ఎలా?

మన ఇళ్ళలో బంగారం అలంకారం మాత్రమే కాదు, ఆపదలో అక్కరకు వచ్చే ఆస్తి కూడా. పై చదువులకు ఫీజు కట్టాలన్నా, ఆసుపత్రి ఖర్చు మీద పడినా పెద్దలు ముందుగా తలచుకునేది బీరువాలోని నగలనే. సొంత ఊళ్ళో అయితే తాతల నాటి నుంచి తెలిసిన కంసాలి ఉంటాడు. బదిలీల మీద ఊళ్ళు మారే మన కుటుంబాలకు ఆ వీలు తక్కువ. గుంటూరులో కొన్న గొలుసును గువాహటిలోనో జోధ్‌పూర్‌లోనో అమ్మవలసి రావచ్చు. దుకాణం కొత్త, భాష కొత్త. అటువంటప్పుడు మనకు తోడుండేది లెక్క ఒక్కటే. అందుకు కావలసిన నిష్పత్తి, శాతం మీరు తరగతిలో నేర్చుకున్నవే.

మొదటి మెట్టు: బరువు

బంగారం కొలత ఊరిని బట్టి పేరు మారుతుంది. ఆంధ్రలో కాసు అంటే 8 గ్రాములు. కేరళలో దానినే పవన్ అంటారు. కోల్‌కతాలో భరి అంటే సుమారు 11.66 గ్రాములు. పాత తులం కూడా అంతే, కాని నేడు మన తెలుగు దుకాణాల్లో 10 గ్రాములనే తులం అంటున్నారు. కనుక ఏ ఊరికి వెళ్ళినా గ్రాముల్లోనే అడగండి, గ్రాముల్లోనే రాసుకోండి.

త్రాసు చూపే బరువంతా బంగారం కాదు. రాళ్ళు, ముత్యాలు, నల్లపూసలు, గుండ్లలో నింపిన లక్క, వీటన్నిటినీ తీసివేయాలి. మిగిలినదే నికర బరువు.

రెండవ మెట్టు: వన్నె

మేలిమి బంగారం మెత్తన. నగ గట్టిగా ఉండటానికి రాగి, వెండి వంటి లోహాలు కలుపుతారు. మొత్తాన్ని 24 భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలు బంగారమో అన్ని క్యారెట్లు. 22 క్యారెట్లంటే 24లో 22 భాగాలు, అంటే వెయ్యికి సుమారు 916. నగపై కనిపించే 916 అంకె అర్థం ఇదే. 20 క్యారెట్లకు 833, 18 క్యారెట్లకు 750, 14 క్యారెట్లకు 585 అని ముద్ర ఉంటుంది.

ఈ ముద్ర వేయించే విధానాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బి.ఐ.ఎస్., 2000 సంవత్సరంలో బంగారానికి ప్రవేశపెట్టింది. ఇప్పటి హాల్‌మార్క్‌లో మూడు గుర్తులుంటాయి: త్రిభుజాకారపు బి.ఐ.ఎస్. చిహ్నం, వన్నె, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య. ఈ సంఖ్య 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. బి.ఐ.ఎస్. కేర్ అనే మొబైల్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు కనిపిస్తాయి. కొక్కెం దగ్గరో గాజు లోపలి వైపునో భూతద్దంతో వెతకండి.

అమ్మమ్మల కాలం నగలకు ముద్ర ఉండకపోవచ్చు. పైగా అతుకుల దగ్గర పెట్టిన టంకం వల్ల కరిగించినప్పుడు వన్నె కొంత తగ్గుతుంది. అటువంటి నగను బి.ఐ.ఎస్. గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రంలో రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు.

మూడవ మెట్టు: లెక్క

లెక్క తేలికగా ఉండటానికి 24 క్యారెట్ల ధర గ్రాముకు 12,000 రూపాయలు అనుకుందాం. అప్పుడు 22 క్యారెట్ల ధర 12,000 × 22 ÷ 24 = 11,000 రూపాయలు. ఒక హారం మొత్తం బరువు 25 గ్రాములు, రాళ్ళు 3 గ్రాములు అనుకోండి. నికర బరువు 22 గ్రాములు.

బంగారం విలువ: 22 × 11,000 = 2,42,000 రూపాయలు.
కరిగింపు కింద దుకాణం 2 శాతం తగ్గిస్తే: 4,840 రూపాయలు.
చేతికి వచ్చేది: 2,37,160 రూపాయలు.

అదే హారం వన్నె పరీక్షలో 20 క్యారెట్లే అని తేలితే గ్రాము ధర 10,000 రూపాయలు. బంగారం విలువ 2,20,000 రూపాయలకు దిగుతుంది. రెండు క్యారెట్ల తేడా ఖరీదు 22,000 రూపాయలన్నమాట.

కొన్న ధర ఎందుకు తిరిగి రాదు?

అదే హారాన్ని అదే రోజు కొత్తగా కొంటే ఎంతవుతుందో చూడండి. బంగారానికి 2,42,000. తరుగు, మజూరీ కలిపి 12 శాతం అయితే 29,040. రాళ్ళకు 5,000. మొత్తం 2,76,040. దానిపై 3 శాతం జి.ఎస్.టి. సుమారు 8,281. బిల్లు 2,84,321 రూపాయలు.

అమ్మేటప్పుడు మజూరీ, పన్ను తిరిగి రావు. చిన్న రాళ్ళకు సాధారణంగా విలువ కట్టరు. తేడా 47,161 రూపాయలు, అంటే బిల్లులో దాదాపు 16.6 శాతం. కాని ఈ నష్టం పూడాలంటే బంగారం ధర 16.6 శాతం పెరిగితే చాలదు, దాదాపు 20 శాతం పెరగాలి. తగ్గిన మొత్తం మీద శాతం కడుతున్నాం కాబట్టి ఇలా జరుగుతుంది. పనితనం ఎక్కువైన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. ఆపదకు దాచుకునే బంగారం సాదాగా ఉండాలని పెద్దలు అనడంలో ఉన్న గణితం ఇదే.

నీటితో ఒక పరీక్ష

సైన్సు పుస్తకంలోని ఆర్కిమెడీస్ ఇక్కడ పనికివస్తాడు. మేలిమి బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. 22 క్యారెట్లకు అది సుమారు 17.5 నుంచి 18 వరకు, 18 క్యారెట్లకు 15 నుంచి 16 వరకు ఉంటుంది. గాలిలో 10 గ్రాములు తూగే 22 క్యారెట్ల గాజును దారంతో నీటిలో వేలాడదీసి తూస్తే బరువు సుమారు 0.56 గ్రాము తగ్గాలి. అయితే రాళ్ళున్న నగకు, బోలు నగకు ఈ పరీక్ష పనికిరాదు. టంగ్‌స్టన్ సాంద్రత బంగారానికి చాలా దగ్గర కనుక దీనినే తుది తీర్పు అనుకోకూడదు.

దుకాణంలో గుర్తుంచుకోవలసినవి

పాత బిల్లు వెంట తీసుకువెళ్ళండి. త్రాసు సున్నా చూపుతోందో లేదో ముందే చూడండి. మొత్తం బరువు, నికర బరువు, వన్నె, ఆ రోజు ధర, తగ్గింపు, ఈ ఐదూ కాగితం మీద రాయించుకోండి. బేరం కుదరక ముందే నగను కరిగించనివ్వవద్దు, ఆ తరువాత వెనక్కి తీసుకుందామన్నా నగ ఉండదు. కనీసం రెండు మూడు చోట్ల అడగండి. హాల్‌మార్క్ చెప్పిన దానికన్నా వన్నె తక్కువని రుజువైతే, ఆ లోటు విలువకు రెండింతలతో పాటు పరీక్ష రుసుమును పొందే హక్కు కొన్నవారికి నిబంధనలు కల్పించాయి. బిల్లు దాచుకోవడం అందుకే ముఖ్యం.

మీరే చేసి చూడండి

పై ధరల ప్రకారమే లెక్క కట్టండి.

1. నికర బరువు 8 గ్రాములున్న 18 క్యారెట్ల గొలుసుకు 3 శాతం తగ్గింపు పోగా ఎంత వస్తుంది?

2. నాయనమ్మ చీటీలో రెండు తులాల 22 క్యారెట్ల గాజులని ఉంది. అది పాత తులమా, నేటి తులమా అన్న దానిని బట్టి విలువ ఎంత మారుతుంది?

జవాబులు: 1. 69,840 రూపాయలు. 2. తేడా 3.32 గ్రాములు, అంటే 36,520 రూపాయలు.