"బాగానే ఉన్నాను" అనే మాట
(దూరదేశములో చదివే మన పిల్లల కొరకు ఒక నడక పాఠము)



వార్డులో చాలా ఏండ్లు పనిచేసిన నర్సులకు ఒక సంగతి బాగా తెలుసు. మూలుగుతూ పిలిచే రోగి దగ్గరకు అందరూ పరుగెత్తుతారు. "బాగానే ఉన్నానమ్మా" అంటూ గోడవైపు తిరిగి పడుకొనే రోగి దగ్గర మాత్రము ఆగి నాడి చూడాలి. ఆపరేషను అయిన రాత్రి లోపల రక్తస్రావము అవుతున్నా ఆ మాటే చెప్పే వారున్నారు. అందుకే మా విద్యార్థినులకు మొదటి సంవత్సరములోనే నేర్పుతాము: మాట వినండి, కాని చేయి కూడా పట్టుకొని చూడండి.

ఈ నెల పాఠము కూడా ఆ మాట గురించే. అయితే ఈసారి వార్డులో కాదు, ఇంగ్లండు కొండల మీద. మన సంఘములలో పిల్లలను పై చదువులకు అక్కడికి పంపిన కుటుంబములు అనేకము గనుక, ఇది ఉపయోగపడుతుందని తలంచి వ్రాస్తున్నాము.

ఒక అమ్మాయి సంగతి

మాతో పనిచేసిన ఒక సిస్టరు గారి కుమార్తె సెప్టెంబరులో షెఫీల్డ్ నగరమునకు ఎం.ఎస్సీ. చదవడానికి వెళ్ళింది. పగలు తరగతులు, సాయంత్రము ఒక దుకాణములో పని, రాత్రి గది. నవంబరు వచ్చేసరికి సాయంత్రము నాలుగు గంటలకే చీకటి. తల్లి ఫోను చేసినప్పుడెల్లా "బాగానే ఉన్నానమ్మా" అనే జవాబు. తల్లి నర్సు గనుక ఆమెకు అనుమానము వచ్చింది. ఒకరోజు ప్రశ్న మార్చింది: "ఈరోజు నువ్వు ఎవరితో మాట్లాడావు?" అవతల చాలాసేపు నిశ్శబ్దము. తర్వాత ఏడుపు. పని చోట "బిల్లు కావాలా" అని అడగడము తప్ప, నాలుగు రోజులుగా ఆ అమ్మాయి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ తల్లి మా దగ్గరకు వచ్చి, "ఏం చేయమంటారు సిస్టర్?" అని అడిగింది. ముందు అక్కడి డాక్టరును కలవమన్నాము. విద్యార్థుల కొరకు విశ్వవిద్యాలయములో ఉండే కౌన్సెలింగ్ విభాగమునకు కూడా వెళ్ళమన్నాము. వెళ్ళింది. అక్కడివారు మాటల మధ్యలో, విద్యార్థుల నడక క్లబ్బులో చేరి చూడమని సలహా ఇచ్చారు. అమ్మాయి జనవరిలో చేరింది. (ఆమె, ఆమె తల్లి అనుమతితోనే, పేర్లు లేకుండా ఇది వ్రాస్తున్నాము.)

నడక క్లబ్బు అంటే ఏమిటి?

అక్కడ చాలా విశ్వవిద్యాలయములలో విద్యార్థి సంఘము క్రింద ఇటువంటి క్లబ్బులు ఉంటాయి. ఏడాదికి కొంత సభ్యత్వ రుసుము, నడకకు వెళ్ళిన రోజు బస్సు లేదా రైలు ఖర్చు. శనివారము గాని ఆదివారము గాని ఉదయము బయలుదేరి, పల్లెల మీదుగా, గొర్రెల మందల మధ్యగా, గుట్టలెక్కి దిగి, సాయంత్రానికి తిరిగి వస్తారు. దారి తెలిసినవారు ముందు నడుస్తారు. ఎవరూ వెనుకబడి తప్పిపోకుండా చివరన మరొకరు నడుస్తారు.

షెఫీల్డ్ నగర పరిధిలో సుమారు మూడవ వంతు పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానవనములోనే ఉంది. రైలు ఎక్కితే అరగంట పైచిలుకులో ఎడేల్ అనే పల్లె వస్తుంది. దాని పైననే కిండర్ స్కౌట్ అనే 636 మీటర్ల ఎత్తైన కొండ. ఒకప్పుడు ఆ కొండ భూస్వాముల వేట భూమి, సామాన్యులకు ప్రవేశము లేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు ప్రాంతపు పనివారు, యువకులు వందలాదిగా కలిసి దాని మీదికి నడిచారు. వారిలో ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1949లో జాతీయ ఉద్యానవనముల చట్టము వచ్చింది. 1951లో బ్రిటనులోని మొదటి జాతీయ ఉద్యానవనముగా పీక్ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. ఈనాడు మన పిల్లలు అక్కడ స్వేచ్ఛగా నడుస్తున్నారంటే, దాని వెనుక ఆ పనివారి కష్టము ఉంది.

నడక వలన మేలేమి?

పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషముల మధ్యరకపు శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనలు చెప్తున్నాయి. ఒక్క రోజు కొండ నడకతో అందులో చాలా భాగము తీరుతుంది. గుండెకు, ఎముకలకు, నిద్రకు మేలు. పగటి వెలుతురు కంటికి తగలడము వలన నిద్ర వేళలు కుదుటపడతాయి.

అయితే మాకు ముఖ్యముగా కనిపించేది వేరొకటి. ఎమ్మాయు దారిని జ్ఞాపకము చేసికొనండి. ఆ ఇద్దరు శిష్యులు మనసులోని దుఃఖమును నడుస్తూనే మాటలలో పెట్టుకొన్నారు. ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని మాట, ప్రక్కప్రక్కన నడిచేటప్పుడు వస్తుంది. మాట దొరకకపోయినా, ఒకరి అడుగు చప్పుడు ప్రక్కన ఉంటుంది.

ఒక హెచ్చరిక: నడక మందుకు బదులు కాదు. నిద్ర, ఆకలి రెండు వారములకు మించి చెడినా, బ్రతుకు మీద విరక్తి మాటలు వచ్చినా ఆలస్యము చేయక డాక్టరును కలవాలి.

మొదటి నడకలో జరిగినది

ఆ అమ్మాయి మొదటి నడకకు జీన్సు ప్యాంటు, నూలు చొక్కా, మామూలు క్యాన్వాసు బూట్లతో వెళ్ళింది. కొండ పైకి చేరేసరికి వాన, ఈదురుగాలి. చివరన నడిచే యువకుడు "బాగున్నావా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ "బాగానే ఉన్నాను" అన్నది. క్రొత్తవారి ముందు బలహీనముగా కనబడకూడదని, తన వలన అందరూ ఆగకూడదని ఆమె ఆలోచన. మూడవసారి అతడు అడగలేదు. ఫ్లాస్కు చేతికిచ్చి, "మూత తీసి పెట్టు" అన్నాడు. ఆమె వేళ్ళు మూతను తిప్పలేకపోయాయి.

వెంటనే అందరూ ఆగారు. తమ వెంట తెచ్చుకొన్న గుడారపు గుడ్డను తలల మీదుగా కప్పుకొని, గాలి తగలకుండా లోపల కూర్చున్నారు. తడి చొక్కా తీయించి పొడి ఉన్ని చొక్కా, టోపీ వేశారు. తీపి టీ త్రాగించారు. కొంతసేపటికి ఆమె తేరుకొన్నది. దగ్గర దారిన క్రిందికి దించారు.

చలి దెబ్బను గుర్తించుట

మన శరీరపు లోపలి వేడి 37 డిగ్రీలు. అది 35 డిగ్రీల కంటే తగ్గితే ప్రమాదము. దీనికి మంచు కురియనవసరము లేదు. తడి, గాలి, అలసట కలిస్తే చాలు. నూలు బట్ట నీటిని పట్టి ఉంచుతుంది, ఆ తడి శరీరపు వేడిని త్వరగా లాగివేస్తుంది. మన ఎండలకు హాయినిచ్చే నూలు బట్టే అక్కడ శత్రువు. పైగా ఎత్తుకు పోయేకొలది చల్లదనము పెరుగుతుంది. 600 మీటర్ల ఎత్తున సుమారు 4 డిగ్రీలు తక్కువ ఉంటుంది.

గుర్తులు: వణుకు, వేళ్ళు మాట వినకపోవడము, కాళ్ళు తడబడడము, మాట ముద్దగా రావడము, కారణము లేని చిరాకు లేదా మౌనము. వేడి చేయకుండానే వణుకు ఆగిపోతే అది మేలు కాదు, ప్రమాదము ముదిరినట్లు.

చేయవలసినవి: గాలి నుండి చాటు, తడి బట్టలు మార్చి పొడివి వేయుట, నేల చల్లదనము తగలకుండా సంచి మీద కూర్చోబెట్టుట, తెలివి ఉండి మింగగలిగితే వేడి తీపి పానీయము.

చేయకూడనివి: చేతులు కాళ్ళు రుద్దకూడదు. మద్యము ఇవ్వకూడదు. ఒంటరిగా విడిచిపెట్టకూడదు.

సహాయము కావలసివస్తే 999కు ఫోను చేసి, ముందు పోలీసును, తరువాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేవారు స్వచ్ఛంద సేవకులు, రుసుము తీసికొనరు. ఫోను పనిచేయకపోతే నిమిషములో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషము ఆగి, మరల ఊదాలి. ఇది అక్కడ అందరికీ తెలిసిన ఆపద గుర్తు.

బయలుదేరే ముందు

1. బట్టలు: లోపల సింథటిక్ లేదా ఉన్ని చొక్కా, దాని మీద వెచ్చని చొక్కా, పైన వాన ఆగే కోటు. టోపీ, చేతి తొడుగులు, ఒక అదనపు జత మేజోళ్ళు. అన్నీ కొనలేకపోతే సిగ్గుపడకుండా క్లబ్బువారిని అడగండి, ఎరువు దొరకవచ్చు.

2. బూట్లు: క్రొత్త బూట్లతో కొండెక్కవద్దు. ముందు రెండు వారములు ఊరిలో తొడిగి నడవండి. పాదము ఎక్కడైనా మండినట్లు అనిపిస్తే బొబ్బ లేవకముందే ఆగి ప్లాస్టరు వేయండి.

3. సమయము: 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుతున్నారు. 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడుకు అదనముగా ఒక గంట. 15 కిలోమీటర్లు, 450 మీటర్ల ఎక్కుడు అయితే 3 గంటల 45 నిమిషములు. విశ్రాంతి, భోజనము కలిపితే ఐదు గంటలకు పైనే. డిసెంబరులో ప్రొద్దు నాలుగు గంటలలోపే గ్రుంకుతుంది గనుక ఉదయము పది గంటలకే నడక మొదలు కావాలి. తలకు కట్టుకొనే లైటు వెంట ఉండాలి.

4. ఆహారము: పులిహోర, చపాతీ, వేరుశెనగ అచ్చులు, ఖర్జూరములు మంచివి. నీరు లీటరున్నర, ఫ్లాస్కులో టీ. చలిలో దాహము తెలియదు, అయినా త్రాగాలి.

5. ఆరోగ్యము: ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలరు సంచిలో కాదు, జేబులో పెట్టుకోవాలి. చల్లగాలి ఆయాసము తెస్తుంది. మన రాష్ట్రములలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నట్లు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. ప్రయాణమునకు ముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే వైద్యము మొదలుపెట్టండి.

6. విటమిన్ డి: అక్టోబరు నుండి మార్చి ఆరంభము వరకు అక్కడి ఎండ చాలదు, నడిచినా చాలదు. రోజుకు 10 మైక్రోగ్రాములు (400 యూనిట్లు) తీసికొనమని అక్కడి ఆరోగ్యశాఖ సలహా. మనవంటి చామనఛాయ వారు ఏడాది పొడుగునా తీసికొనే విషయము ఆలోచించాలని కూడా చెప్తున్నారు.

7. పురుగు కాటు: వేసవిలో గడ్డిలో పిడుదులు అంటుకొంటాయి. సన్నని పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి, మెల్లగా పైకి లాగాలి. తరువాతి వారములలో గుండ్రముగా ఎర్రదనము వ్యాపిస్తే డాక్టరుకు చూపాలి.

తల్లిదండ్రులకు రెండు మాటలు

ఆ సిస్టరు గారు మమ్ములను ఇంకొకటి అడిగారు: "ఆదివారము నడకంటే ఆరాధన మానుకోవాలి కదా?" శనివారపు నడకలు ఎంచుకొనవచ్చు, లేదా సాయంకాలపు ఆరాధనకు వెళ్ళవచ్చు. ఇది బిడ్డను కసరుకొనే సంగతి కాదు, కలిసి ఆలోచించుకొనే సంగతి. నడక ముగిశాక పబ్బులో కూర్చోవడము అక్కడి వాడుక. టీయో, పండ్లరసమో త్రాగి కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు.

ఆ అమ్మాయి మరల నడకకు వెళ్ళింది, ఈసారి సరియైన బట్టలతో. కొండ మీద తాను దాచినదంతా తల్లికి చెప్పింది. దానితో పాటే, గదిలో దాచిన మూడు నెలల సంగతీ చెప్పింది. మే నెల నుండి చివరన నడిచే పని తానే తీసికొన్నది. క్రొత్తగా వచ్చినవారిని "బాగున్నావా?" అని అడిగి ఊరుకోదట. "ఫ్లాస్కు మూత తీసి చూపించు" అంటుందట.

పునశ్చరణ

1. చలి దెబ్బకు మూడు గుర్తులు చెప్పండి.
2. 10 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు గల నడకకు నైస్మిత్ లెక్క ప్రకారము ఎంత సమయము? (జవాబు: రెండున్నర గంటలు)
3. వణుకు దానంతట అదే ఆగిపోతే ఎందుకు సంతోషించకూడదు?
4. ఈ వారము ఫోనులో మీ బిడ్డ "బాగానే ఉన్నాను" అంటే, తరువాత మీరు అడగబోయే ప్రశ్న ఏమిటి? దానిని ఒక కాగితము మీద వ్రాసి ఫోను ప్రక్కన పెట్టుకొనండి.

దూరమున నడిచే మన పిల్లల అడుగులను ప్రభువు కాపాడును గాక.