రేడియో బటన్ గ్రూప్ డిజైన్: 2.10 సైజు గాజు 2.1 అయిపోతే?

ఫోన్ సెట్టింగ్స్‌లో లైట్ మోడ్, డార్క్ మోడ్ పక్కన ఉండే గుండ్రటి బటన్లు మీకు తెలిసినవే. ఒకటి నొక్కితే రెండోది ఆరిపోతుంది. పాత కారు రేడియోల్లో ఒక స్టేషన్ మీట నొక్కితే ముందు నొక్కిన మీట పైకి లేచేది, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఇంత సింపుల్‌గా కనిపించినా, ఫారం లైబ్రరీ బాగుందో లేదో తేల్చుకోవడానికి నేను ముందు చూసేది రేడియో గ్రూపే.

పాతబస్తీ ఉదాహరణ తీసుకుందాం. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో దొరికే హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. అక్కడి ఒక షాపుకి ఆన్‌లైన్ ఆర్డర్ ఫారం చేస్తున్నాం అనుకోండి. మొదటి ప్రశ్న సైజు: 2.2, 2.4, 2.6, 2.8, 2.10.

తిరకాసంతా ఇక్కడే ఉంది. ఇవి దశాంశాలు కావు. 2.4 అంటే రెండు అంగుళాలు, ఆపైన అంగుళంలో 16 భాగాలకు 4 భాగాలు. అంటే లోపలి వ్యాసం 2.25 అంగుళాలు. 2.10 అంటే 2.625 అంగుళాలు, ఈ ఐదింట్లో పెద్దది అదే. అంకెలా కనిపిస్తోంది కదా అని లైబ్రరీ ఆ వాల్యూని నంబర్‌గా మార్చిందంటే 2.10 కాస్తా 2.1 అవుతుంది. సార్ట్ చేస్తే అన్నిటికన్నా పెద్ద గాజు వెళ్లి 2.2 కంటే ముందు కూర్చుంటుంది. లక్క గాజు సాగేది కాదు, తప్పు సైజు వెళ్తే చేతికి ఎక్కదు. అందుకే రేడియో వాల్యూ స్ట్రింగ్‌గానే ఉండాలి. నంబర్ కావాలంటే డెవలపర్ స్వయంగా అడిగి మార్చుకోవాలి. ఆప్షన్లను జేసన్‌లో రాసేటప్పుడు కూడా కోట్స్ పెట్టండి, లేకపోతే పార్స్ అయ్యేటప్పుడే ఆ సున్నా ఎగిరిపోతుంది.

తర్వాత డీఫాల్ట్ సంగతి. "ఎక్కువమంది 2.6 తీసుకుంటారు" అని దాన్ని ముందే సెలెక్ట్ చేసి పెడితే, కస్టమర్ చూడకుండా కిందికి స్క్రోల్ చేసేయొచ్చు. వచ్చిన 2.6 ఆమె కోరినదో, ఫారం పెట్టినదో షాపువాళ్లకు తెలియదు. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఏ బటనూ నొక్కకపోతే ఆ పేరుతో సర్వర్‌కి ఏమీ వెళ్లదు. అది చక్కటి పద్ధతి. లైబ్రరీ కూడా ఆ స్థితిని నల్‌గా ఉంచాలి, ఖాళీ స్ట్రింగ్‌గా కాదు. ఎర్రర్ మెసేజ్ ప్రశ్నకు ఒక్కటి చాలు, ఐదు బటన్లకు ఐదు వద్దు. ఇంకో మాట: రేడియో ఒకసారి నొక్కాక దాన్ని ఖాళీ చేసే దారి యూజర్‌కి ఉండదు. తప్పనిసరి కాని ప్రశ్న అయితే "ఏదైనా పర్లేదు" అనే ఆప్షన్ మీరే ఇవ్వాలి.

ఇప్పుడు అదే ఫారంలో రెండు జతలు ఆర్డర్ చేద్దాం. రెండు గ్రూపుల్లోనూ నేమ్ "సైజు" అనే ఉంటే బ్రౌజర్‌కి అదంతా ఒకే గ్రూపు. అక్కకి 2.6 పెట్టి, చెల్లికి 2.4 నొక్కగానే అక్క బటన్ ఆరిపోతుంది. కాబట్టి నేమ్‌ని డెవలపర్ జాగ్రత్తకు వదిలేయకుండా, వరుస నంబర్ కలిపి లైబ్రరీయే తయారు చేయాలి.

అందం కోసం అసలు ఇన్‌పుట్‌ని డిస్‌ప్లే నన్‌తో దాచేసే లైబ్రరీలంటే నాకు చిరాకు. ట్యాబ్ కీతో గ్రూపులోకి వెళ్లి బాణం కీలతో మారడం బ్రౌజర్ ఫ్రీగా ఇస్తున్న సౌకర్యం, అలా దాచేస్తే అది పోతుంది. రంగు మార్చడానికి యాక్సెంట్ కలర్ ప్రాపర్టీ చాలు. బాణం నొక్కిన ప్రతిసారీ సెలెక్షన్ కూడా మారుతుంది, అందుకని సెలెక్ట్ అవగానే తర్వాతి పేజీకి తోసేయకండి. ఇక లేబుల్ మీద ఎక్కడ తాకినా బటన్ పనిచేయాలి, ఆ చిన్న చుక్క మీదే బొటనవేలు పెట్టడం కష్టం.

2017 నుంచి తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. లాడ్ బజార్ ఫారానికి ఉర్దూ వెర్షన్ ఉండాల్సిందే. డైరెక్షన్‌ని ఆర్‌టీఎల్ చేస్తే బటన్ అక్షరాలకు కుడివైపుకి వస్తుంది, కానీ మార్జిన్ రైట్ అని రాసిన ఖాళీ మాత్రం అక్కడే ఉండిపోయి, బటనూ మాటా అతుక్కుపోతాయి. మార్జిన్ ఇన్‌లైన్ ఎండ్ అని రాస్తే ఖాళీ కూడా బటన్‌తో పాటే మారుతుంది.