ఉపాధ్యాయురాలికి తగిన సన్మానము

చదువవలసిన భాగములు: 2 తిమోతి 2:1-2, మార్కు 12:41-44, 2 కొరింథీ 8:18-21

ప్రియులారా, మన ఊరి బడిలో ముప్పదియైదు సంవత్సరములు పని చేసిన పంతులమ్మగారు ఈ వేసవిలో విశ్రాంతి తీసికొనుచున్నారు. ఆమెకు శాలువ కప్పి, బడి గోడకు పాలరాతి పలక పెట్టించవలెనని పెద్దలు తలంచిరి. మేమును సమ్మతించితిమి. ఆ సంగతి విని ఆమె, పదవ తరగతి ముగించి మిరపకోత కూలికి పోవుచున్న ఇద్దరు బాలికలను జ్ఞాపకము చేసి, "అయ్యగారూ, ఆ రాతి ఖరీదుతో వీరికి కాలేజీ ఫీజు కట్టవచ్చును గదా" అనిరి. మేము సిగ్గుపడితిమి.

పౌలు తిమోతికి వ్రాసిన ఆ వచనములో నాలుగు తరములున్నవి. పౌలు నేర్పెను, తిమోతి నేర్చుకొనెను, తిమోతి నమ్మకమైన వారికి అప్పగింపవలెను, వారు ఇతరులకు బోధింపవలెను. బోధించినవారికి నిజమైన ఘనత ఏదనగా, తాము నేర్పినది తమతో ఆగిపోక ముందుకు సాగుటయే.

అమెరికా దేశములో జరిగిన ఒక సంగతి వినుడి. మేరీ మెక్లియోడ్ 1875లో దక్షిణ కరోలినాలో పుట్టెను. తలిదండ్రులు బానిసత్వమునుండి విడుదల పొందినవారు. వారికి పదునేడుగురు పిల్లలు. మిషను బడిలో ఎమ్మా విల్సన్ అను ఉపాధ్యాయురాలు మేరీకి చదువు చెప్పెను. పై చదువునకు డబ్బు లేదు. బహు దూరమందున్న డెన్వరు పట్టణములో బట్టలు కుట్టి జీవించు మేరీ క్రిస్మన్ అను స్త్రీ, తాను చూడని ఒక బాలిక చదువుకై తన కష్టార్జితములో కొంత ఇచ్చెను. ఎమ్మా విల్సన్ ఆ సహాయము మేరీకి దొరకునట్లు చేసెను. మేరీ చదువుకొని, వివాహమై బెతూన్ అను ఇంటిపేరు పొంది, 1904లో డేటోనాలో ఒకటిన్నర డాలరుతో, ఐదుగురు బాలికలతో బడి తెరచెను. అదియే వర్ధిల్లి నేడు బెతూన్ కుక్‌మన్ విశ్వవిద్యాలయమైయున్నది. ఉపాధ్యాయురాలి పాఠమునకు కుట్టుపని చేయు స్త్రీ కానుక తోడైనందున ఎందరికి మేలు కలిగెనో చూడుడి!

కాబట్టి పంతులమ్మగారి పేరట విద్యార్థి సహాయ నిధి పెట్టుదము. దానిని మూడు సంగతులలో జాగ్రత్తగా నడపవలెను.

1. మూలధనము బ్యాంకులో నుంచి వడ్డీయే వాడవలెను. మూలధనము తినివేసినయెడల రాబోవు ఏటి బిడ్డకు ఏమి మిగులును? ఈ యేటి ఇద్దరు బాలికల ఫీజు మాత్రము వేరుగా పోగుచేయుదము.

2. పెద్దల బిడ్డ యని, మన పేటవాడని చూడక, అవసరమును, శ్రద్ధను చూచి ఇయ్యవలెను. పక్షపాతమును యాకోబు గద్దించెను.

3. లెక్కలు ఏటేట సంఘము ఎదుట చదువవలెను. చందా విషయమై ఎవరును తప్పు పట్టకుండునట్లు పౌలే జాగ్రత్తపడెను గదా.

బీద విధవరాలి రెండు కాసులను చూచిన ప్రభువు మన పిడికెడు బియ్యమును, ఒక దినపు కూలిని చూడకపోవునా?

ఆలోచించుడి: మీకు అక్షరములు దిద్దించినవారెవరు? ఆ ఋణము ఏ బిడ్డయందు తీర్చుదురు?

ప్రార్థన: ప్రభువా, మాకు బోధించినవారిని బట్టి నీకు స్తోత్రము. మా పిల్లలలో ఒక్కరును లేమి వలన చదువు మానకుండునట్లు మా చేతులు తెరువుము. ఆమేన్.