గేటు తెరిచేలోగా

ఆత్మకూరు,
ఆదివారం పొద్దున.

చిరంజీవి మానసకు పెద్దనాయన ఆశీర్వదించి రాసేది.

జేజికి మోకాళ్ల నొప్పులు ఎప్పటి మాదిరే. నీ ప్రయాణం దగ్గరపడేకొద్దీ నోటికి మాత్రం పని ఎక్కువైంది. టికెట్టు సంగతి మీ నాయన చెప్పినాడు. శంషాబాదులో తెల్లవారుజామున విమానం, దోహాలో ఏడు గంటలు ఆగేది, ఆమీట డబ్లిన్. ఆ ఏడు గంటలు ఏం చేయాలని మీ అమ్మ దగ్గర గొణిగినావంట. నన్నడిగితే ఒకటే చెప్తా. ఒక నోటుపుస్తకం కొనుక్కో, రాసుకో. దోహా దాకా ఆగొద్దు, శంషాబాదులోనే మొదలుపెట్టు.

ఉద్యోగమంతా బస్టాండు కంట్రోలరుగా చేసినోన్ని. బస్సుల కంటే బస్సు కోసం కాచుకున్నోళ్లనే ఎక్కువ చూసినా. శ్రీశైలం బస్సు ఎన్నింటికని ఐదు నిమిషాలకోసారి వచ్చి అడిగేవాళ్లు ఒక రకం. కండువా పరుచుకొని గురక పెట్టేవాళ్లు ఇంకో రకం. ఎవరో ఒకరు మాత్రం పక్కనున్నోళ్లది ఏ ఊరు, ఈ ఏడు ఏం పంట వేసినారు, కూతుర్ని ఎక్కడ ఇచ్చినారు అని బస్సు వచ్చేలోగా అంతా తెలుసుకొని పోతారు. బస్సు ఎంత లేటయినా నా మీదికి కొట్లాటకు రానిది వాళ్లే. ఇప్పుడు బస్టాండుకు పోయి చూస్తే అన్ని రకాలూ పోయి, అందరూ ఫోన్లోకి వంగినోళ్లే. నిన్ను ఆ మూడో రకం కమ్మంటున్నా, చేతిలో పెన్నుతో.

ఇదేమీ నేను కనిపెట్టిన విద్య కాదు. మన ఊరి మీదుగా పోయిన ఒకాయన చేసి చూపించిందే. ఏనుగుల వీరాస్వామి పేరు నువ్వు వినే ఉంటావు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో పల్లకీ, బోయీలు, పరివారంతో కాశీకి బయల్దేరి, మరుసటేడు సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. తిరుపతి, కడప, అహోబిలం మీదుగా వచ్చి మన ఆత్మకూరులో మజిలీ చేసినాడు. అప్పుడు ఇదంతా కందనూరు (కర్నూలు) నవాబు గులాం రసూల్ ఖాన్ ఏలుబడి. శ్రీశైలం పోయే యాత్రికులు నవాబు మనుషులకు సుంకం కట్టాల. అడవిదారికి కావలసిన సరంజామా కూర్చుకోవాల. అప్పుడు నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటుకుంటా కొండెక్కాల. ఉగాదికి కన్నడ భక్తులు భుజాన సంచులేసుకొని మన ఊరి మీదుగా నడిచిపోయేది ఇప్పటికీ ఆ దారే కదా. ఆ కాలం యాత్రికునికి ఆత్మకూరే చెక్-ఇన్ కౌంటరు అనుకో.

అట్లా మజిలీ మజిలీలో ఆయన ఏం రాసినాడో చూడు. ఏ ఊర్లో అంగళ్లున్నాయి, వాటిలో ఏం దొరుకుతుంది, నీళ్లెట్లున్నాయి, దిగడానికి చోటుందా, దారి రాళ్లదా ఇసకదా, సుంకం ఎవరు తీసుకుంటున్నారు. పోయేది కాశీకి. భక్తికి లోటు లేదు, అట్లని ఉప్పూ పప్పూ సంగతి చిన్నతనమని వదిలిపెట్టలేదు. ఆనాటి మన ఊరి ముచ్చట తెలుసుకోవాలంటే ఇప్పుడు నేను ఆయన రాసిన ఆ పుస్తకమే తీస్తా. పైగా అది ఆయన ఒక్కడి కోసం రాసుకున్నది కాదు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె అనే స్నేహితునికి తెలియాలని రాసినాడు. వీరాస్వామి 1836లో పోయినాక, 1838లో దాన్ని అచ్చు వేయించింది ఆ పిళ్లే. చదివే మనిషి మొహం కళ్లముందు ఉండబట్టే ఆ రాతలో డాబు లేదని నా నమ్మకం.

మగోళ్ల కథే చెప్పినానని అలగొద్దు. పోతం జానకమ్మ అనే ఆమె చెన్నపట్నం నుంచి ఇంగ్లండు పోయొచ్చి, చూసినదంతా రాసి 1876లో పుస్తకం వేసింది. సముద్రం దాటితే కులం పోతుందనే రోజుల్లో, ఆడమనిషి!

కాబట్టి నువ్వు కూడా ఎవరో ఒకరికి రాయి. జేజికే రాయి. ఓర్వకల్లు దగ్గర 2021లో ఎయిర్‌పోర్టు తెరిచినప్పుడు, అటుగా పోతా పోతా కారు ఆపించి చూసిన మనిషి. అంతకుమించి ఆమెకు విమానంతో పరిచయం లేదు. ఆమె అడిగేవి ఏముంటాయి? చెప్పులు విప్పమన్నారా, నీళ్లు ఊరికే ఇస్తారా కొనుక్కోవాల్నా, నీ మాదిరి ఒంటరిగా పోయే ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారు, తిన్నదానికి ఎంతైంది. వీటికి జవాబులు రాస్తే చాలు. అట్లా కాకుండా “ఎయిర్‌పోర్టు అద్భుతం, మనసంతా అదోలా ఉంది” అని రాసినావనుకో, “అదోలా అంటే ఏందే, కడుపునొప్పా?” అంటుంది. నిజంగా ఏడుపొస్తే ఏడుపొచ్చిందనే రాయి, ఎక్కడ నిలబడినప్పుడు, ఏం చూసి వచ్చిందో కూడా రాయి.

మీ అన్న దగ్గరికి పోయినప్పుడు శంషాబాదులో నేను రాసుకున్నది ఒకటి చెప్తా. తూకం మిషన్ పక్కన ఒకామె పెట్టె నేలమీద తెరుచుకొని కూర్చుంది. బరువు ఎక్కువైంది. చీరలు ఒక్కొక్కటే తీసి పక్కన పేరుస్తాంది. పెట్టె అడుగున పాత దుప్పటి ముక్కలో చుట్టి చిన్న రాతి రోలు. భర్త దాన్ని తీసేయమని పళ్లు బిగించి చెప్తా ఉన్నాడు. ఆమె పలకలేదు. ఇంకో రెండు చీరలు తీసింది, మళ్లీ తూచింది, ఇంకొకటి తీసింది. చీరలన్నీ అద్దం తలుపు దగ్గర కాచుకున్న కొడుకు చేతికి పోయినాయి, రోలు విమానం ఎక్కింది. ఏ ఊరామో, ఎవరి ఇంటికి పోయిందో నాకు తెలీదు. ఆరోజు ఫోన్లో తీసిన ఫొటోల్లో ఉన్నది మీ పెద్దమ్మా, నేనూ, వెనకాల దీపాలు. రోలు నోటుపుస్తకంలోనే ఉంది.

దోహాలో నెత్తిన దీపం పెట్టుకున్న పసుపుపచ్చని ఎలుగుబంటి బొమ్మ ఉంది, రెండు అంతస్తుల ఎత్తు ఉంటుంది. అందరూ దాని ముందర నిలబడి ఫొటో దిగుతారు, నువ్వూ దిగు. దాన్ని గురించి రాయాల్సిన పని లేదు, లోకమంతా చూసిందే. బొమ్మకు వీపు తిప్పి కూర్చొని ఎదురుగా వచ్చేపోయేవాళ్లను చూడు. నేల తుడిచే పిల్లోడు ఏ భాషలో ఫోను మాట్లాడుతున్నాడో విను. మన రాయచోటి, రాజంపేట మనుషులు కువైట్ పోయే దారిలో అక్కడ తగిలినా తగులుతారు. తెలుగు వినబడితే మొహమాటపడకుండా పలకరించు.

తారీఖు, టైము వేసేటప్పుడు ఎక్కడి గడియారమో కూడా వేసుకో. దోహా మనకంటే రెండున్నర గంటలు వెనక. డబ్లిన్ ఎండాకాలంలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. ఇది రాయకపోతే, జేజి మధ్యాహ్నం అన్నం తినే వేళకు నువ్వు టిఫిన్ తింటున్నావని ఎట్ల అర్థమవుతుంది ఆమెకు?

2017 దాకా దేశం దాటే మనోళ్లు కూడా ఇమిగ్రేషన్ దగ్గర ఒక కార్డు నింపాల్సి వచ్చేది. గల్ఫుకు పోయేవాళ్లలో రాయడం రానోళ్లు, జేబులో పెన్నున్న మనిషిని వెతుక్కుంటా వచ్చి నింపిపెట్టమనేవాళ్లు. ఆ కార్డు తీసేసినారు, మంచి పనే. దాంతోపాటు ఆ పలకరింపులూ పోయినాయి. అయినా నువ్వు రాస్తా కూర్చుంటే ఎవరో ఒకరు “ఏం రాస్తాండావమ్మా?” అని అడగకపోరు. చెప్పు. వాళ్లే ఒక పేజీ నింపిపోతారు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మనిషి నమ్మి చెప్పుకున్న అప్పులు, ఇంటి గొడవలు పేరు పెట్టి రాయొద్దు. తనిఖీ లైన్లో పుస్తకం తెరవద్దు, అక్కడ నీ కళ్లు నీ సామాన్ల మీదనే ఉండాల. రాతలో మునిగి విమానం పోగొట్టుకున్నావంటే మీ నాయన నన్ను తిడతాడు. ఈమధ్య చాలా ఎయిర్‌పోర్టుల్లో మైకులో పిలవడం తగ్గించినారు, బోర్డు కనబడే చోటే కూర్చో.

పుస్తకం చిన్నది కొను, హ్యాండ్‌బ్యాగులో పట్టేది. బంగారు అంచులు, తాళంబుర్రలు వద్దు. అట్లాంటి దాంట్లో మంచి మాట దొరికేదాకా రాయబుద్ధి కాదు. పెన్నులు రెండు పెట్టుకో, బాల్‌పెన్నులే. మీ అబ్బ ఇచ్చిన ఇంకుపెన్ను ఇంట్లోనే పెట్టిపో. విమానం పైకి పోయినాక గాలి ఒత్తిడి తగ్గి ఇంకు కారుతుంది, కొత్త చుడీదారు పాడవుతుంది.

దోహాలో వైఫై ఉంటుంది. రాసిన పేజీలు ఫొటో తీసి అక్కడి నుంచే మీ అమ్మ ఫోనుకు పంపు, నేను జేజికి చదివి వినిపిస్తా. అక్షరాలు కొంచెం పెద్దగా రాయి, నా అద్దాలు మార్చాల్సిన టైమొచ్చింది. ఆ నీళ్ల సంగతి మాత్రం మర్చిపోవద్దు, రాత్రి అన్నం తింటా మళ్లీ అడిగింది.

మీ పెద్దనాయన