పగలంతా ఇంట్లో ఉండేది ఎవరు?

తెనాలి

చి. ల. సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన ప్లానుని మీ పెదనాన్న పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకొచ్చారు. భోజనాల బల్ల మీద పరుచుకుని ఇద్దరం చూశాం. నర్సరావుపేటలో 200 గజాలు, తూర్పున రోడ్డు, 36 అడుగుల ముఖం, 50 అడుగుల లోతు. మంచి స్థలం దొరికింది తల్లీ. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు వస్తాయి, ఎండ దంచికొట్టే పడమటి వైపుకి పొట్టి గోడ వస్తుంది. పల్నాడు ఎండలకు ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ప్లాను చూస్తుంటే నాకొకటే అనిపించింది. గదులు లెక్కపెట్టి గీశారు గానీ మనుషుల్ని లెక్కపెట్టి గీయలేదు. నువ్వూ, అబ్బాయీ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్తే చీకటి పడ్డాకే రావడం. పిల్లలు బడికి పోతారు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది మీ అత్తగారూ, మామగారూ. వాళ్ళకేమో వాయవ్యం మూల 10 అడుగులకు 10 అడుగుల గది, బాత్రూంకి హాలు దాటి వెళ్ళాలి. మీకు నైరుతిలో పెద్ద గది, లోపలే బాత్రూం. ఇది తిరగేయండి. యజమాని పడక నైరుతిలో ఉండాలని సిద్ధాంతిగారే చెప్పారన్నావు. ఆ ఇంటికి యజమాని మీ మామగారు కదా! మీరు పై అంతస్తుకు వెళ్ళండి. మెట్లెక్కే వయసు మీది.

10 అడుగుల గది కాగితం మీద బాగానే కనిపిస్తుంది. మంచం పొడుగు 6½ అడుగులు, ఎదురుగా బీరువాకు 2 అడుగులు తీసేస్తే మిగిలింది అడుగున్నర. అందులో మీ అత్తగారు వాకర్ పట్టుకుని ఎలా తిరుగుతారు? ఇంజనీరు గారిని ప్రతి గదిలోనూ మంచం, బీరువా, కుర్చీ కొలతలతో సహా గీసి చూపించమను. హాల్లోకి ఎన్ని తలుపులు తెరుచుకుంటున్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇప్పుడున్న ప్లానులో సోఫా ఆనించుకోవడానికి ఒక్క నిండు గోడ లేదు.

బాత్రూం సంగతి కాస్త ఓపిగ్గా చదువు. మా అత్తగారు మంచాన పడినప్పుడు చూసుకున్నదాన్ని, ఈ విషయంలో నా మాట విను. అందరూ బాత్రూంకి 2½ అడుగుల తలుపు పెట్టేస్తారు. ద్వారబంధం పోను మిగిలే సందులో చక్రాల కుర్చీ పట్టదు. 3 అడుగుల తలుపు పెట్టించు, అది బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుని బయట నుంచి నెట్టలేం. గడప వద్దు, నీళ్ళు గదిలోకి రాకుండా అర అంగుళం పల్లం చాలు. గరుకు టైల్సు, కమోడు పక్కన గోడకు స్టీలు రాడ్డు, మంచం మీద నుంచే చేతికందే లైటు స్విచ్చి. ఇవన్నీ ఇప్పుడు పెడితే పెద్ద ఖర్చేం కాదు. తర్వాత పెట్టాలంటే టైల్సు పగలగొట్టాలి.

నైరుతి గదికి వేడి ఎక్కువ కదా అంటావేమో, నిజమే. నడి వేసవిలో మన దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జా సరిపోతుంది. సాయంత్రపు ఎండ మాత్రం ఏటవాలుగా వచ్చి పడమటి గోడకు తగులుతుంది, దాన్ని ఏ సజ్జా ఆపలేదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ సాయంత్రం దాకా ఆ వేడిని తాగి రాత్రంతా లోపలికి వదులుతుంది. అందుకని పడమటి గోడ వెంట మెట్లు, బాత్రూం, బీరువాల అరలు వరసగా పెట్టి, పడుకునే చోటు తూర్పుకి జరపండి. మెట్లు పడమట ఉంటే సిద్ధాంతిగారూ కాదనరు. ఆ మెట్లకు లోపలి నుంచి ఒక తలుపు, పెరటి వైపు నుంచి ఒక తలుపు ఉంటే రేపు పై వాటా అద్దెకివ్వాలన్నా ఇబ్బంది ఉండదు. పైన మెట్ల గదికి జాలీ పెట్టించు, ఇంట్లోని వేడి గాలి అటు పైకి పోతుంది.

హాలు రెండంతస్తుల ఎత్తున ఉండాలని నీకు ముచ్చటగా ఉంది, తెలుసు. అమ్మమ్మగారి మండువా ఇంట్లాగా ఉంటుందని రాశావు. మండువాకి నడిమధ్యన ఆకాశం ఉండేదమ్మా! వేడి పైకి పోయేది, వాన లోపల పడేది, వెలుతురు నాలుగు వసారాలకూ అందేది. పైన స్లాబు మూసేసిన ఎత్తు హాల్లో అవేవీ ఉండవు. ఫ్యానుకు బారెడు రాడ్డు, ఏసీకి రెట్టింపు కరెంటు, సాలెగూడు దులపాలంటే నిచ్చెన. ఆ చోటుని పైన పిల్లల గదికి ఇచ్చెయ్యి.

వంటగది ఆగ్నేయంలో ఉంది, పొద్దుటి వెలుతురు వస్తుంది, బాగుంది. అయితే సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచి వీస్తే తాలింపు ఘాటంతా హాల్లోకే వస్తుంది, కాబట్టి పొగ లాగే ఫ్యాను తూర్పు గోడకు పెట్టాలి. గట్టు ఎత్తు నీ మోచేతి కన్నా నాలుగంగుళాలు దిగువన ఉండనీ, మేస్త్రీ లెక్కకు వదలొద్దు. ఏడాది కందిపప్పు, మిరపకాయలు, చింతపండు, ఆవకాయ జాడీలు పెట్టుకోవడానికి చిన్న సామాన్ల గది ఒకటి కావాలి. అవి అటక మీద పెడితే ఎవరు దింపుతారు? గిన్నెలు తోమే చోటుకి పైన కప్పు వెయ్యండి, పనిమనిషి ఎండలో కూర్చుని తోమకూడదు.

ఇల్లు రోడ్డు కన్నా మూడడుగుల ఎత్తు లేపుతామన్నారట. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, ఆ భయం సబబే. కానీ చక్రాల కుర్చీకి వాలుదారి కట్టాలంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి. మూడడుగులకు 36 అడుగులు అవుతుంది, అంత చోటు ఎక్కడ తెస్తాం? రెండడుగులు లేపితే 24 అడుగులతో సరిపోతుంది. దక్షిణం వైపు వదిలే సందులో ఆ దారి పట్టేట్టుగా, మామగారి గదికి అటు ఒక తలుపు పెట్టించు. వాలు ఇప్పుడే కట్టక్కర్లేదు, చోటు మిగిల్చి ఉంచితే చాలు. మీది నల్లరేగడి నేల, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పునాది గట్టి నేల తగిలేదాకా దింపమని, ఖర్చుకు వెనకాడొద్దని అబ్బాయికి చెప్పు.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది అరుగు గురించి. ముందు చోటంతా కారుకే ఇచ్చేశారు. కారుని ఈశాన్యం కాస్త వదిలి ఉత్తరం వైపుకి జరిపి, వంటగది ముందు నుంచి గుమ్మం దాకా అయిదడుగుల వెడల్పున వరండా, కూర్చోవడానికి అడుగున్నర ఎత్తు అరుగు కట్టించు. తూర్పు ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటితే అక్కడ నీడే. మీ మామగారు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళని పలకరిస్తూ బతికిన మనిషి. ఆయన్ని తీసుకొచ్చి కారు వెనక గదిలో టీవీ ముందు కూర్చోబెడితే ఏడాదిలో నీరసించిపోతారు. పూలమ్మాయి, కూరగాయల బండి, బడి వదిలాక పిల్లలు, ఇవన్నీ ఆయన కంటికి కనిపించాలి. కారుకి ఎండ తగిలినా ఏం కాదు.

శంకుస్థాపనకు ముందే స్థలంలో ముగ్గు పోయించి, గది గదికీ గీతలు గీయించి, మీ అత్తగారినీ మామగారినీ తీసుకెళ్ళి నడిపించు. మంచం నుంచి బాత్రూంకి ఎన్ని అడుగులు పడుతున్నాయో వాళ్ళనే చెప్పమను. గోడ జరపాలంటే ఆ రోజు ముగ్గు చెరిపితే సరిపోతుంది. మార్చిన ప్లాను వచ్చాక మళ్ళీ పంపు, ఈసారి మంచాలు, బీరువాలు గీసి ఉండాలి. ముగ్గు పోసే రోజు ముందుగా చెబితే నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ