ఈ.సి.లో కనిపించని తాతలు

ప్రశ్న: మా తాతగారు 1960 ప్రాంతంలో పల్లె విడిచి పట్నం వచ్చేశారు. ఆయన తండ్రి ఎవరో, తాత ఎవరో, అక్కచెల్లెళ్లు ఎందరో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆన్‌లైన్‌లో ఈ.సి. (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే 1983 నుంచే చూపిస్తోంది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్తే ‘ఆస్తి తగాదా ఏమైనా ఉందా? లేకపోతే పాత పుస్తకాలతో మీకేం పని?’ అన్నారు. ఆస్తి కోసం కాదు, మావాళ్లెవరో తెలుసుకోవడానికే. ఇలా అడిగే హక్కు మాకు లేదా?

జవాబు: ఉంది. కొన్ని పుస్తకాలకైతే ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని కూడా లేదు. అయితే ఏది అడగాలో తెలియకుండా ‘పాత రికార్డులు కావాలి’ అంటే ఎవరూ కదలరు. రిజిస్టర్ పేరు పెట్టి అడగాలి.

మొదట ఒక దారి మూసేద్దాం. అమెరికాలో జనగణన పత్రాలను 72 ఏళ్లు నిండాక పేర్లతో సహా బయటపెడతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న అలాగే వచ్చాయి. అక్కడ ఉంటున్న మనవాళ్లు అది చూసి ఇక్కడి జనగణన కాగితాల గురించి ఆరా తీస్తుంటారు. మన 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డులు తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. వాటి మీద కాలం వృథా చేయకండి.

ఇక మీ ఈ.సి. సంగతి. ఈ.సి.లో ఏమీ రాలేదంటే మీ పెద్దలు ఏ దస్తావేజూ రాయలేదని అర్థం కాదు. ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచి కంప్యూటర్‌కు ఎక్కించిన సూచికే. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాలుగా ఉంటాయి. పైగా ఈ.సి. ఒకటో పుస్తకానికి మాత్రమే అద్దం పడుతుంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఐదు పుస్తకాలు పెట్టమంది. ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కుతాయి. రెండోది రిజిస్ట్రేషన్ నిరాకరించినప్పుడు కారణాలు రాసేది. మూడో పుస్తకం వీలునామాలకూ, దత్తత తీసుకొమ్మని ఇచ్చే అధికార పత్రాలకూ. స్థిరాస్తితో సంబంధం లేని మిగతా దస్తావేజులు నాలుగో పుస్తకంలోకి పోతాయి. ఐదోది సీలు వేసి దాచుకోమని ఇచ్చిన వీలునామాల లెక్క.

57వ సెక్షన్ చెప్పేది ఇది: ఒకటి, రెండు పుస్తకాలనూ, ఒకటో పుస్తకం సూచికనూ ఫీజు కట్టిన ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ‘ఎవరైనా’ అన్నది చట్టం మాట, నాది కాదు. మూడో పుస్తకంలోని వీలునామా నకలును, దాన్ని రాసినవారు బతికి ఉన్నంతకాలం వారికో, వారి ఏజెంటుకో తప్ప ఇవ్వరు. వారు పోయాక దరఖాస్తు పెట్టిన ఎవరికైనా ఇవ్వాలి. అంటే మీ ముత్తాత వీలునామా అడగడానికి మీరు వారసుడినని నిరూపించుకోనక్కర్లేదు. ఆయన మరణించారని చూపితే చాలు. నాలుగో పుస్తకం ఒక్కటే గట్టిది. దస్తావేజు రాసినవారు, దాని కింద హక్కు పొందేవారు, వారి ప్రతినిధులు మాత్రమే నకలు పొందగలరు.

1983కు ముందు కాలానికి మాన్యువల్ శోధన కావాలని రాసివ్వండి. ఒకటో సూచిక మనుషుల పేర్లది, రెండోది ఆస్తులది. మనవాళ్లు సర్వే నెంబరు తెలియదని వెనుదిరిగి వచ్చేస్తారు. వంశం వెతికేవారికి సర్వే నెంబరు ఎందుకు? పేర్ల సూచిక అడగండి. రాసిచ్చినవారి పేరూ, పుచ్చుకున్నవారి పేరూ రెండూ అందులో ఉంటాయి. ఒట్టి పేరే కాదు. నివాసం, వృత్తి, తండ్రి పేరు రాయాలని ఈ చట్టమే నిర్దేశించింది. తల్లి పేరుతో వ్యవహరించే మనిషైతే తల్లి పేరే రాయమంది. 1908లో రాసిన ఈ చిన్న నిబంధన వల్లే ఒక దస్తావేజులో రెండు తరాలు దొరుకుతాయి. ఇంటిపేరు ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క రకంగా రాసి ఉంటాడు కాబట్టి నాలుగైదు రకాల అక్షరాలతో వెతకండి.

దస్తావేజు దొరికాక కొన్నవారు, అమ్మినవారితో ఆగిపోవద్దు. హద్దులు చదవండి. ‘తూర్పు ఫలానావారి పొలం’ అన్నచోట పాలివాళ్లే ఉంటారు చాలాసార్లు. సాక్షుల్లో బావమరుదులు, వియ్యంకులు కనిపిస్తారు.

మీరు అక్కచెల్లెళ్ల గురించి అడిగారు. అది మంచి ప్రశ్న, ఎందుకంటే రెవెన్యూ రికార్డు ఆడవాళ్లను దాదాపు మరిచిపోయింది. పట్టా మగవాళ్ల పేరన ఉండేది, వంశవృక్షం రాసినా కొడుకుల కొమ్మలే గీసేవారు. ఆడవాళ్లు కనబడేది రిజిస్ట్రేషన్ పుస్తకాల్లో. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన ఎకరం, వితంతువైన కోడలికి మనోవర్తి కింద వదిలిన పొలం, భర్త పోయినామె మైనరు కొడుకు తరఫున చేసిన అమ్మకం – ఇవన్నీ ఒకటో పుస్తకంలో పేరుతో, ఊరితో, ఎవరి భార్యో, ఎవరి కూతురో చెబుతూ ఉంటాయి. పెళ్లై వెళ్లిన ఊరు కూడా అక్కడే తెలుస్తుంది. ఇంట్లో ఎవరూ చెప్పని దత్తతలు మూడు, నాలుగు పుస్తకాల్లో బయటపడతాయి. నా అభిప్రాయంలో తెలుగు కుటుంబ చరిత్రకు పహాణీ (సాగు వివరాల రెవెన్యూ రికార్డు) కంటే ఈ పుస్తకాలు విలువైనవి. పొలం కోసం వెతికేవారు వీటి దాకా రారు, వచ్చినా ఒకటో పుస్తకం దాటరు.

రెవెన్యూ వైపు కొంచెం చాలు. తెలంగాణలో 1954–55 ఖాస్రా పహాణీ ఆధారం వంటిది. పట్టాదారు ఎవరు, కాస్తులో ఎవరున్నారు అనే రెండూ అందులో విడివిడిగా కనిపిస్తాయి. కౌలుదారు కుటుంబమైతే 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితా చూడండి. దాన్ని అడిగేవారు తక్కువ. ఆంధ్ర ప్రాంతంలో ఆర్.ఎస్.ఆర్. (రీ సెటిల్‌మెంట్ రిజిస్టర్), పాత అడంగళ్లు చూడాలి. మీ ఊరు జమీందారీ కింద ఉంటే ప్రభుత్వ సెటిల్‌మెంట్ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే జరిగింది కాబట్టి, అంతకు పూర్వపు సర్కారీ రికార్డులో రైతుల పేర్లు లేవని నిరాశపడవద్దు. అప్పటి లెక్కలు ఎస్టేటువారివి. మీభూమి, భూభారతి పోర్టళ్లలో కనిపించేది ఇప్పటి హక్కుదారులను చూపించే రికార్డు. తాతలను వెతకడానికి వాటిని నమ్ముకుంటే లాభం లేదు.

ఈ కాగితాల్లో సంవత్సరం ఫసలీ (రెవెన్యూ సంవత్సరం)లో ఉంటుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1358 అంటే 1948లో మొదలైన సంవత్సరం. హైదరాబాదు రాజ్యపు కాగితాలైతే ఉర్దూలో ఉంటాయి, చదివి చెప్పే మనిషిని ముందే చూసుకోండి.

ఏ ఆఫీసుకు వెళ్లాలన్న దగ్గరే సగం మంది దారి తప్పుతారు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మళ్లీ చీలాయి. కాబట్టి ‘మా ఊరు ఏ జిల్లా?’ అని కాక ‘ఫలానా సంవత్సరంలో మా ఊరు ఏ తాలూకా, ఏ సబ్ రిజిస్ట్రీ?’ అని అడగాలి. పాత సంపుటాలు మాతృ కార్యాలయంలోనే ఉండిపోయి ఉండవచ్చు. ఒకచోట ‘లేదు’ అన్నారని ఎక్కడా లేనట్టు కాదు.

జనన మరణాల రిజిస్టర్‌కు 1969 చట్టం 17వ సెక్షన్ ఉంది. ఫీజు కట్టి ఎవరైనా వెతికించుకోవచ్చు, జనన, మరణ ధ్రువపత్రం తీసుకోవచ్చు. మరణ కారణం మాత్రం అందులో రాసివ్వరు. పూర్వపు మద్రాసు రాష్ట్రంలో 1899 నుంచే దీనికి వేరే చట్టం ఉండేది, కనుక కోస్తా, రాయలసీమ ఊళ్లలో పాత రిజిస్టర్లు ఉన్నాయేమో అడగడం న్యాయమే.

కోర్టు కాగితాలను మరవద్దు. భాగపంపకాల దావా పడిందంటే వంశవృక్షం జతచేయాల్సిందే, ఇరుపక్షాలూ ఒక్కొక్క పేరుకూ కొట్లాడుకుని ఉంటారు. పాత హైకోర్టు తీర్పుల్లో చాలావరకు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. మీ ఇంటిపేరు, ఊరిపేరు కలిపి ఒకసారి వెతకండి. జిల్లా కోర్టు రికార్డు నకలుకు, మీరు కక్షిదారు కానప్పుడు, కారణం చూపుతూ కోర్టు అనుమతి తీసుకోవాలి. అక్కడ సమాచార హక్కు చట్టం దరఖాస్తు పెట్టి ప్రయోజనం లేదు. కోర్టు నకళ్లకు కోర్టు నిబంధనలే వర్తిస్తాయని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెవెన్యూ ఆఫీసులకు, పంచాయతీలకు మాత్రం సమాచార హక్కు చట్టం బాగా పనికొస్తుంది. కారణం చెప్పనక్కర్లేదని 6(2) సెక్షన్ అంటుంది. రికార్డును స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా సమాచార హక్కులో భాగమే. ‘అది వ్యక్తిగత సమాచారం’ అని తిప్పి పంపితే 8(3) చూపించండి. దరఖాస్తు నాటికి 20 ఏళ్లు దాటిన విషయాలకు దేశ భద్రత, సభాహక్కులు, మంత్రివర్గ పత్రాల మినహాయింపులే మిగులుతాయి, వ్యక్తిగత సమాచారం మినహాయింపు నిలవదు. ఈ ఉపసెక్షన్ సంగతి దరఖాస్తుదారుల్లో చాలామందికి తెలియదు, అధికారులూ గుర్తుచేయరు. ‘ఫైలు దొరకడం లేదు’ అన్నదీ జవాబు కాదు. ఫైలు కనిపించకపోవడం చట్టం ఒప్పుకునే మినహాయింపు కాదనీ, వెతికించి విచారణ జరపాలనీ 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 30 రోజుల్లో సమాధానం రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.

ఒక హెచ్చరిక. 1954 పహాణీలో ముత్తాత పేరు కనిపించగానే పొలం మనదే అనుకుని లాయరు దగ్గరికి పరుగెత్తేవారిని చూస్తూనే ఉన్నాం. పహాణీలో పేరు ఉన్నంత మాత్రాన హక్కు నిరూపణ కాదు. మధ్యలో అమ్మకాలు, పంపకాలు, భూపరిమితి చట్టం, కాలపరిమితి ఎన్నో నడిచి ఉంటాయి. కుటుంబ చరిత్ర వేరు, దావా వేరు. అయితే దొరికిన ప్రతి కాగితానికీ జిరాక్సు కాక ధ్రువీకరించిన నకలే తీసుకోండి. మీ సొంత పెట్టెలో పాత కాగితాలుంటే పారేయకండి. 30 ఏళ్లు దాటిన పత్రం సరైన చోటు నుంచి వస్తే దాని మీది సంతకం, చేతిరాత నిజమైనవేనని కోర్టు భావించవచ్చని భారతీయ సాక్ష్య అధినియమం 92వ సెక్షన్ చెబుతోంది.

మీరు ముందుగా చేయాల్సింది ఇది. తాతగారు ఊరు విడిచిన ఏడాదికి అటు ఇరవై, ఇటు పదేళ్లు లెక్కేసుకుని, ఆ కాలానికి ఒకటో పుస్తకం పేర్ల సూచికలో శోధన కావాలని, 57వ సెక్షన్ ప్రస్తావిస్తూ తెలుగులో దరఖాస్తు రాసి, రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. తహసీల్దారుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి రుసుము 5 రూపాయలు. గ్రామ స్థాయిలో అదీ లేదు.